మామయ్య బుల్లెట్‌కి మళ్ళీ మెరుగు: ఇంజిన్ కవర్ల డైరీ

జనవరి 18

సంక్రాంతికి వచ్చిన చుట్టాలంతా వెళ్ళిపోయారు. వసారా ఖాళీ అయింది. ఇవాళ బండిని వెనక రేకుల షెడ్డులోంచి తోసుకొచ్చి సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టాను.

బండి మా పెద్దమామయ్యది. 1991 నాటి బుల్లెట్ 350, ఎన్‌ఫీల్డ్ ఇండియా రోజులది. పోత ఇనుము బోరు (పిస్టన్ ఆడే సిలిండర్), 346 సీసీ, గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. మామయ్య పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేసేవాడు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, నాగాయలంక దాకా దివిసీమ మొత్తం దీని మీదే తిరిగాడు. ఇప్పుడాయనకు 74 ఏళ్ళు, మోకాళ్ళు సహకరించక బండి నాకిచ్చేశాడు. ఇంజిన్‌కి ఏ లోటూ లేదు. నాలుగో కిక్కుకి అందుకుంది, కొట్టుడు కూడా సమంగా ఉంది. చూపు మాత్రం పోయింది.

మాది బందరు. మంగినపూడి వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇక్కడ కిటికీ ఊచలే నిలవవు. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు, తెల్లగా పొడి లేచి చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. ఇవాళ పగటి వెలుగులో కూర్చుని ఒక్కో భాగం చూసి రాసుకున్నాను. ఎడమవైపు ప్రైమరీ చెయిన్ కవర్ (ఇంజిన్ నుంచి క్లచ్‌కి వెళ్ళే చెయిన్ మూత) మీద ఎప్పుడో ఎవరో కొట్టించిన లాకర్, అంటే పారదర్శక పూత, పొరలుగా లేచింది. లేవని చోట లాకర్ కిందే సన్నటి తెల్ల గీతలు వానపాముల్లా పాకాయి. కుడివైపు టైమింగ్ కవర్ (వాల్వులను నడిపే గేర్ల మూత) మసకబారింది కానీ చుక్కలు తక్కువ. గేర్‌బాక్స్ కవర్ అంచున బండి పడినప్పటి లోతైన గీత ఒకటి ఉంది. హెడ్ మీద వాల్వుల మీటలను (రాకర్లను) కప్పే రాకర్ కవర్లు రెండూ బూడిద రంగుకి తిరిగాయి. బోరు రెక్కల మధ్య తుప్పు, నూనె, మట్టి కలిసి గట్టి అట్ట కట్టాయి. కిక్ రాడ్‌కి క్రోమ్ సగమే మిగిలింది.

ఇంజిన్ విప్పే ఉద్దేశం లేదు. కంటికి కనిపించే భాగాలే ఈ డైరీలో పని.

జనవరి 19

కడగడానికే పొద్దంతా పట్టింది. ముందు ఎండు మట్టిని వెదురు పుల్లతో గీకాను. తర్వాత డీజిల్ పూసి అరగంట నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగాను. ఇనుప తీగల బ్రష్ అల్యూమినియం జోలికి పోనివ్వలేదు. అది గీతలు పెట్టడమే కాదు, సన్నటి ఇనుప రజను లోహంలో దిగబడి తర్వాత తుప్పు మరకలుగా బయటికి వస్తుంది. కార్బురేటర్ నోటికి ప్లాస్టిక్ సంచి కట్టాను, ఇగ్నిషన్ పాయింట్ల మూతకి టేపు చుట్టాను.

ఒకాయన కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచితే పది నిమిషాల్లో తెల్లగా వస్తుందన్నాడు. ఇనుముకైతే సరే. అల్యూమినియాన్ని కాస్టిక్ కరిగించేస్తుంది. బుస్సుమని నురగ వచ్చేది మురికి పోవడం వల్ల కాదు, లోహమే పోతోంది. ఎవరైనా ఈ సలహా ఇస్తే దయచేసి వినకండి.

జనవరి 25

ప్రైమరీ కవర్ విప్పాను. ఎడమ ఫుట్‌రెస్టు, బ్రేక్ పెడల్ పక్కకి తీస్తే కవర్ మొత్తాన్ని పట్టుకుని ఉండేది మధ్యలో ఒకే ఒక్క నట్టు. కింద పళ్ళెం పెట్టి విప్పితే నల్లటి ఆయిల్ కారింది. కొలిస్తే 300 మిల్లీలీటర్ల లోపే ఉంది. ఉండాల్సింది 420. తక్కినది రబ్బరు సీలు పక్కనుంచి ఎన్నేళ్ళుగా కారుతోందో. కొత్త సీలుకి చెప్పాను.

కవర్ ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంటే చెయ్యి ఒకచోట ఆగింది. బ్రేక్ పెడల్ పైన, అరచెయ్యంత మేర, లాకర్ లేదు, చుక్కల్లేవు, తెల్ల పొడీ లేదు. లోహం నునుపుగా, కొద్దిగా పల్లంగా ఉంది. స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకి ఎత్తి చూశాను. స్కేలు కింద నుంచి సన్నటి వెలుగు గీత కనిపించింది, మధ్యలో కాస్త లావుగా, అటూ ఇటూ సన్నబడుతూ.

అది మామయ్య ఎడమ బూటు రుద్దుకున్న చోటు. దివిసీమ ఒండ్రుమట్టి అంటిన తోలు బూటు ఇరవై ఏళ్ళకు పైగా బ్రేకు వేసినప్పుడల్లా అక్కడ రాసుకుంది. నేనిప్పుడు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) చేయబోయే పని, ఆయన కాలు అక్కడ ముందే చేసి పెట్టింది.

కవర్ అంతా ఒకే మట్టానికి తేవాలంటే ఆ పల్లం చుట్టూ లోహం బాగా తీయాలి, లేదా వెల్డింగ్ పెట్టి పూడ్చాలి. రెండూ చేయను. ఉప్పు తిన్న చోట బాగుచేస్తాను, కాలు అరగదీసిన చోటు అలాగే ఉంటుంది. మిగతా పనంతా ఈ లెక్కనే సాగాలని ఇవాళే నిర్ణయించుకున్నాను.

జనవరి 26

సెలవు. పెయింట్ రిమూవర్‌తో లాకర్ తీశాను. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, గాలివాటు చూసుకుని. మందంగా పూసి పాలిథిన్ కాగితం కప్పితే ఆరిపోకుండా పావుగంటలో లాకర్ ముడతలు పడి లేచింది. చెక్క ముక్కతో తోసేసి, మళ్ళీ పూసి, చివరికి నీళ్ళతో కడిగాను. ఒక చుక్క మణికట్టు మీద పడితే నిప్పు తగిలినట్టు మండింది. పొడుగు చేతుల గ్లవ్స్ కొనాలి.

లాకర్ పోయాక అసలు రూపం తెలిసింది. కింది అంచున గోరు ఆగేంత లోతు చుక్కలు, పైన అంత లేవు.

ఫిబ్రవరి 1

రాకర్ కవర్లు రెండూ విజయవాడ ఆటోనగర్‌లో ఒక బఫింగ్ (తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు పెట్టే) షాపుకి పంపాను. వంపులు ఎక్కువగా ఉన్నాయి, మిషను మీద బాగా వస్తాయనుకున్నాను. మిగతావి ఇంట్లోనే.

ఇవాళ గేర్‌బాక్స్ కవర్ గీత సంగతి చూశాను. సన్నటి ఆకురాయి తీసుకుని, దాని పళ్ళకి ముందు సుద్దముక్క బాగా రుద్దాను. అలా చేయకపోతే మెత్తటి అల్యూమినియం పళ్ళ మధ్య ఇరుక్కుని, ఆ ముక్కే తిరిగి కొత్త గీతలు గీస్తుంది. పైకి లేచిన అంచుల్ని మాత్రమే ఆకురాయితో దించాను. గీత అడుగు దాకా వెళ్తే అక్కడ కవర్ పలచబడుతుంది. ఇప్పుడు చేత్తో తడిమితే గీత తగలదు, కంటికి మాత్రం సన్నగా కనిపిస్తుంది. అంతవరకు చాలు.

ఫిబ్రవరి 2

వాటర్ పేపర్ పని మొదలైంది. చుక్కలు లోతుగా ఉన్న కింది అంచుకి 240 నంబరు పేపర్‌తో మొదలుపెట్టాను, మిగతా చోట 400తో (నంబరు పెరిగేకొద్దీ పేపర్ నునుపు). బకెట్ నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పేపర్ నానబెట్టాను. చదునుగా ఉన్న చోట పేపర్ వెనక రబ్బరు ముక్క, వంపుల్లో పాత స్పాంజి. ఉత్త వేళ్ళతో రుద్దితే వేళ్ళు తగిలినచోట లోతుగా, సందుల్లో తక్కువగా తీసి, మెరుగు పెట్టాక అలలు అలలుగా కనిపిస్తుంది.

ఒక నంబరుతో నిలువుగా రుద్దితే తర్వాతి నంబరుతో అడ్డంగా రుద్దాలి. ముందు నంబరు గీతలు ఒక్కటి కూడా కనిపించనంత వరకు తర్వాతి దానికి పోకూడదు. 400, 600, 800, 1000, 1500. రాసుకుంటే ఐదు అంకెలే. చేతికి మాత్రం ప్రతిదీ గంటకు పైన. 600 దగ్గర తొందరపడి 800కి వెళ్ళాను. ఎండలో వాల్చి చూస్తే పాత గీతలు మూడు నాలుగు కనిపించాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ 600 పట్టాను. ఆ గీతల్ని 1500తో పోగొట్టాలని చూస్తే రోజంతా రుద్దినా పోవు.

మామయ్య బూటు పల్లం మీద 1000, 1500 మాత్రమే వాడాను, అదీ నాలుగైదు సార్లు తిప్పి వదిలేశాను.

ఫిబ్రవరి 8

రాకర్ కవర్లు తిరిగొచ్చాయి. అద్దంలా మెరుస్తున్నాయి, చూడగానే సంతోషమేసింది. చేతిలోకి తీసుకున్నాక గుండె జారింది. అంచులన్నీ గుండ్రంగా తిరిగాయి, నట్ల చిల్లుల నోళ్ళు గరాటులా సాగాయి. దాన్నయినా భరిస్తాను. ఒక కవర్‌కి ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పలచటి పొర) కూర్చునే ముఖం మీద కూడా బఫింగ్ చక్రం ఆడించారు. అక్కడ మెరుపు అక్కర్లేదు, చదును కావాలి. అలాగే బిగిస్తే ఆయిల్ చిమ్ముతుంది.

షాపతనిది తప్పని పోట్లాడదల్చుకోలేదు. వెనక ముఖం ముట్టుకోవద్దని నేను చెప్పి పంపలేదు. కానీ ఈ కవర్లు ఈ బండితో పాటు 1991లో వచ్చినవి. మనసు కలత పడిన మాట నిజం. బఫింగ్‌కి ఇచ్చేవాళ్ళు ప్యాకింగ్ కూర్చునే ముఖాల మీద టేపు అంటించి, మార్కర్‌తో వద్దని రాసి మరీ ఇవ్వండి.

ఫిబ్రవరి 9

సరిచేయడానికి గాజు కొట్లో 10 మిల్లీమీటర్ల మందం అద్దం ముక్క అడిగి తెచ్చాను. గాజు చదునుకి మించిన చదును ఇంట్లో దొరకదు. దాని మీద 400 వాటర్ పేపర్ తడిపి పరిచాను. కవర్ ప్యాకింగ్ ముఖం మీద మార్కర్‌తో అడ్డంగా గీతలు గీసి, బోర్లించి, ఎనిమిది అంకె తిరిగినట్టు మెల్లగా తిప్పాను. పైన బరువు పెట్టకుండా, కవర్ సొంత బరువు, దాని మీద రెండు వేళ్ళు, అంతే.

పది చుట్లకి తిప్పి చూశాను. ఎత్తుగా ఉన్నచోట మార్కర్ చెరిగింది, రెండు మూలల్లో గీతలు చెక్కుచెదరలేదు. అవే పల్లాలు. మళ్ళీ పది, మళ్ళీ చూడటం. ఒక మూల వెంటనే అందింది. ఎగ్జాస్టు వైపు మూల మొండికేసింది. దాదాపు ముప్పావు గంట తర్వాత ఆ మూలలో చివరి గీత పలచబడి, తెగి, పోయింది. ముఖం మొత్తం ఒకే మసక బూడిద రంగులోకి వచ్చింది. అంత సంతోషం కవర్ల మెరుపు చూసినప్పుడు కూడా కలగలేదు. తర్వాత కిరోసిన్‌తో రెండుసార్లు, సబ్బు నీళ్ళతో ఒకసారి కడిగి, చిల్లుల్లో గుడ్డ పీలికలు దూర్చి తిప్పాను. ఒక్క రాపిడి రజను లోపల మిగిలినా రాకర్ల మీదికే చేరుతుంది.

ఫిబ్రవరి 11

చిలకలపూడిలో కవరింగ్ నగల పని చేసే బాబాయి ఇంటికి వచ్చాడు. బందరు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ పేటలో సగం ఇళ్ళకి అదే వృత్తి. ఇత్తడి, రాగి నగల మీద బంగారు పూత వేయడంలో ఆయనది నలభై ఏళ్ళ అనుభవం. 1500 దాకా వచ్చిన కవర్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పక్కకి వాల్చి చూశాడు.

"అబ్బాయ్, బానే వచ్చింది. కానీ ఇక్కడ నీ చెయ్యి అలిసిపోయింది చూడు," అని ఒక మూల చూపించాడు. అక్కడ నిజంగానే 800 గీతలు మిగిలున్నాయి.

కిక్ రాడ్ గురించి అడిగాను. పైన క్రోమ్ ఒక్కటే మళ్ళీ వేయిస్తే సరిపోతుందా అని. "పూత ఏ తప్పునీ దాచదు, ఉన్న తప్పుని మెరిపించి చూపిస్తుంది. మా నగకైనా అంతే. కింద మెరుగు సరిగ్గా పెట్టకపోతే పైన ఎంత బంగారం ఎక్కించినా గరుకుగానే ఉంటుంది," అన్నాడు. క్రోమ్ లెక్కా అదే. పైన కనిపించే క్రోమ్ పొర మైక్రానులో సగం కూడా ఉండదు. మెరుపూ, తుప్పు ఆపే బలమూ చాలావరకు కింది నికెల్‌వి. పాత పూత మొత్తం తీసి, ఉక్కు నునుపు చేసి, నికెల్ మందంగా వేసి, ఆపైన క్రోమ్ వేస్తేనే మా గాలికి నిలుస్తుంది. హడావుడిగా ఇవ్వను.

అప్పటిదాకా ఒక చిన్న పని చేశాను. వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ ఉండ చుట్టి, నీళ్ళలో ముంచి కిక్ రాడ్ మీద రుద్దాను. ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు చుక్కలు మాత్రం ఊడి వస్తాయి. సైలెన్సర్ వంపుకి కూడా అదే చేశాను. నల్లటి చుక్కలు మిగిలాయి కానీ ఎరుపు పోయింది.

ఫిబ్రవరి 15

బోరు రెక్కలు. అల్యూమినియం కాదు కాబట్టి ఇక్కడ తీగ బ్రష్ వాడొచ్చు. రెక్కల మధ్యకి బ్రష్ వెళ్ళని చోట ఎమెరీ గుడ్డని రిబ్బనులా చింపి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడు లాగినట్టు లాగాను. తుప్పు పొడి పోయాక రస్ట్ కన్వర్టర్ పూసి రాత్రంతా వదిలేశాను. తుప్పు ఉన్న చోటల్లా నల్లగా మారింది.

ఫిబ్రవరి 16

పొద్దున్నే రంగు కొడదామని లేస్తే మంచు. గోడలు చెమ్మగా ఉన్నాయి. అప్పుడు కొడితే రంగు కింద తేమ చిక్కుకుని పాలిపోతుంది. పదకొండు దాకా ఆగాను. థిన్నర్‌తో రెక్కలు తుడిచి, హెడ్‌కీ కవర్లకీ పేపర్ కప్పి, వేడికి తట్టుకునే నల్ల స్ప్రే మూడు పలచటి పూతలు, మధ్యలో పావుగంట చొప్పున ఆరనిచ్చి వేశాను. రెక్కలున్నది వేడి బయటికి పోవడానికే, అందుకని మందంగా వేయలేదు.

ఫిబ్రవరి 22

మెరుగు రోజు. ప్రైమరీ కవర్ కాబట్టి అన్నిటికంటే ఎక్కువసేపు దీనికే ఇచ్చాను. హ్యాండ్ డ్రిల్లుకి నాలుగు అంగుళాల గుడ్డ చక్రం బిగించి, ముందు గోధుమరంగు బఫింగ్ సబ్బు, తర్వాత చక్రం మార్చి తెల్ల సబ్బు. రెండింటికీ ఒకే చక్రం వాడితే మొదటి దాని గరుకు రెండోదాన్ని పాడుచేస్తుంది. చక్రాన్ని ఎప్పుడూ అంచు నుంచి బయటికి తిరిగేలా పట్టాలి. అంచుకి ఎదురు తిరిగితే కవర్‌ని చేతిలోంచి లాగి విసిరేస్తుంది. రాకర్ కవర్ల అనుభవం తర్వాత అంచుల దగ్గరికి చక్రాన్ని అసలు తీసుకెళ్ళలేదు. అక్కడ చేత్తోనే, పాత బనియను గుడ్డకి మెటల్ పాలిష్ అద్ది రుద్దాను.

గుడ్డ నల్లగా మారుతుంది, ఎంత తుడిచినా నలుపు వస్తూనే ఉంటుంది. అది మురికి కాదు, పైనుంచి ఊడే అల్యూమినియమే. మెరుపు వచ్చాక ఆపాలి, గుడ్డ తెల్లగా అయ్యేదాకా అని కూర్చుంటే ఆ రోజు రాదు.

టైమింగ్ కవర్‌ని విప్పలేదు, బండి మీదే మెరుగు పెట్టాను. ఆయిల్ పంపులు ఆ కవర్‌లోనే ఉంటాయి, దాని దారులగుండానే ఆయిల్ క్రాంకుకి వెళ్తుంది. బఫింగ్ సబ్బు రజను ఆ దారుల్లోకి ఒక చిటికెడు పోయినా బిగ్ ఎండ్ (క్రాంకు మీద కనెక్టింగ్ రాడ్ తిరిగే బేరింగు) దెబ్బతింటుంది. చూపు కోసం బాగా నడిచే ఇంజిన్‌ని ఆ ప్రమాదంలో పెట్టలేను. స్క్రూల చుట్టూ మూలల్లో చక్రం అందదు, అగ్గిపుల్లకి గుడ్డ చుట్టి చేశాను. సగం పూట దానికే పోయింది.

లాకర్ మళ్ళీ వేయాలా అని చాలామంది అడిగారు. వేయడం లేదు. ఎక్కడైనా రాయి తగిలి చిట్లితే ఉప్పు తేమ లోపలికి దూరి, లాకర్ కిందే పాకుతుంది. జనవరిలో చూసిన వానపాము గీతలు అవే. ఉత్త మెరుగు మీద కారు వ్యాక్స్ పలచగా పూసి, నెలకోసారి తుడుచుకుంటాను. శ్రమ ఎక్కువే, కానీ ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది.

మార్చి 1

బిగింపు. రాకర్ కవర్లకి కొత్త ప్యాకింగ్, నట్లు ఒక్కోటి కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలలు. పాత చదును తలల నట్లే పెట్టాను, జింక్ ప్లేటింగ్ చేయించి. స్టెయిన్‌లెస్ స్టీలువి బావుంటాయి కానీ ఉప్పుగాలిలో అల్యూమినియంతో కలిస్తే పక్కనున్న అల్యూమినియాన్నే తింటాయి. మరలకి కాస్త గ్రీజు రాశాను.

ప్రైమరీ కవర్‌కి కొత్త రబ్బరు సీలు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చుట్టూ తడిమి చూసి, మధ్య నట్టు బిగించాను. ఈ నట్టుని బలమంతా పెట్టి బిగించే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల కారడం ఆగదు, కవర్ మధ్యలో లోపలికి వంగి అంచులు లేస్తాయి. 420 మిల్లీలీటర్ల ఆయిల్ కొలిచి పోశాను.

కొత్త రంగు పట్టడానికి ఇంజిన్‌ని పది నిమిషాలు నడిపి పూర్తిగా చల్లారనిచ్చాను, తర్వాత ఇరవై నిమిషాలు. మొదటిసారి బోరు నుంచి పొగ వచ్చింది. రంగులోని థిన్నర్ ఆరడమే అది. రెండోసారి రాలేదు.

సాయంత్రం మామయ్యని తీసుకొచ్చాను. అరుగు మీద కుర్చీ వేస్తే కూర్చోలేదు, కర్ర గోడకి ఆనించి బండి పక్కకి వచ్చి నిలబడ్డాడు. టైమింగ్ కవర్ చూశాడు, రెక్కలు చూశాడు. ఎడమవైపుకి వచ్చి వంగి, బొటనవేలు సరిగ్గా ఆ పల్లంలో పెట్టాడు.

"ఇది వదిలేశావేంట్రా?"

"నీ బూటుది మామయ్యా. అందుకే ఉంచాను."

ఆయన వేలు తీయలేదు. "వానాకాలం నాగాయలంక రోడ్డు మీద బ్రేకు మీంచి కాలు తీసే పని ఉండేది కాదు," అన్నాడు కాసేపటికి. తర్వాత కిక్ రాడ్ వైపు చూసి, "దీని సంగతేంటి?" అని అడిగాడు. ప్లేటింగ్‌కి ఇవ్వాలని చెప్పాను. "ఇచ్చేటప్పుడు లోపలి పళ్ళకి టేపు వెయ్యి, పూత ఎక్కితే షాఫ్టు మీద కూర్చోదు," అన్నాడు.

మార్చి 2

రాత్రి బండి కింద తెల్ల కాగితం పరిచి పడుకున్నాను. పొద్దున చూస్తే ప్రైమరీ కవర్ కింద పొడిగా ఉంది, రాకర్ కవర్ల దగ్గర చెమ్మ లేదు. టైమింగ్ కవర్ ముందు మూల కింద మాత్రం ఒక్క చుక్క. తుడిచి వెతికితే అక్కడి స్క్రూ కొద్దిగా వదులుగా ఉంది. పావు చుట్టు బిగించి, కాగితం మార్చాను. కిక్ రాడ్ విప్పి, పళ్ళకి టేపు చుట్టి సంచిలో పెట్టాను.

సాయంత్రం ఐదింటికి ఆ కొత్త కాగితం మీద ఏమీ లేదు.